కాలినడకకు మరల వచ్చిన కాలము

రైలు ఇంకను కర్నూలు పట్టణమునకు చేరని రోజులలో, అచటికి పోగోరువారు డోన్ స్టేషనులో దిగి, అచటినుండి ముప్పది మూడు మైళ్ళు ఎద్దుబండి మీదనో కాలినడకనో పోవలసి యుండెడిది. కిరాయి ఇయ్యగలవారు బండి యెక్కిరి. ఇయ్యలేనివారు నడచిరి. నడచినవారెవ్వరును ఆ సంగతి ఇరుగుపొరుగులకు గొప్పగా చెప్పుకొని యుండరు. ఆనాడు నడక లేమికి గురుతు.

నేడు డోన్, పెద్దలు ఇప్పటికిని ద్రోణాచలమని పిలుచుకొను ఊరు, గుంతకల్లు, నంద్యాల, కర్నూలు మార్గములు కలియు రైల్వే జంక్షను. హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవు 44వ నంబరు జాతీయ రహదారియు ఆ ప్రక్కనే పోవుచున్నది. 2022 ఏప్రిల్ మాసమునుండి ఈ ఊరు నంద్యాల జిల్లాలో చేరినది. ఏ దిక్కునకు పోవలెనన్నను బండి దొరకును. అట్టిచోటనే శివరాత్రికి ముందును, ఉగాదికి ముందును భుజమున సంచి తగిలించుకొని, చేత కర్ర పట్టుకొని, శ్రీశైలమునకు నడచిపోవుటకు బయలుదేరు జనము కనబడుచున్నారు. ఏటేట వారు పెరుగుచున్నారే గాని తగ్గుచున్నట్లు మాకు తోచలేదు. వారిలో వయసు మళ్ళినవారే కాదు, కళాశాల విద్యార్థులును, బెంగుళూరులో కంప్యూటర్ల ముందు పనిచేయు యువకులును ఉన్నారు. ఇదే పనిని నగరములలో ట్రెక్కింగనియు, హైకింగనియు పిలుచుచున్నారు. పేరేదైననేమి? బస్సు ఉండగా మనుష్యుడు ఏల నడచును? ఈ ప్రశ్ననే నేడు శ్రోతల ముందుంచుచున్నాము.

రాయలసీమ మీదుగా సాగు దూరపు నడకలలో మిక్కిలి పెద్దది కన్నడ భక్తులది. ఉగాదికి రెండు మూడు వారములు ముందే ఉత్తర కర్ణాటకపు జిల్లాలలోని పల్లెలనుండి వీరు గుంపులు గుంపులుగా బయలుదేరుదురు. ఆదోని, ఎమ్మిగనూరు మార్గములు పట్టి, కర్నూలు దాటి, ఆత్మకూరు చేరుదురు. భ్రమరాంబ వారికి ఇంటి ఆడపడుచు. పండుగకు ఆడపడుచును చూడబోవు పుట్టింటివారివలె వారు పసుపు కుంకుమలు, చీరెలు తీసికొని పోవుదురు. కొందరు కాళ్ళకు కర్రలు కట్టుకొని, వాటి మీద నిలిచి నడతురు. దారి పొడవున మన పల్లెలవారు పందిళ్ళు వేసి, మజ్జిగ, జొన్నరొట్టె, అన్నము పెట్టుదురు. పెట్టువాడు తెలుగువాడు, తినువాడు కన్నడిగుడు. భాష కొరకు ఎవ్వరును ఆగరు.

ఆత్మకూరు దాటి వెంకటాపురము చేరిన పిమ్మట నల్లమల అడవి మొదలగును. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను, కైలాసద్వారము మీదుగా పోవు ఆ దారి నడచువానికి సుమారు రెండు దినములు పట్టును. బస్సు దోర్నాల మీదుగా పెద్ద చుట్టు తిరిగి పోవును; నడకదారి అడవిని అడ్డముగా కోసికొని పోవును. ఇది నిన్న మొన్న పుట్టిన దారి కాదు. పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలమునకును, అహోబిలమునకును మెట్లు కట్టించెను. 1830లో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ మార్గముననే శ్రీశైలము దర్శించెను. ఆయన పల్లకిలో పోయినవాడు, వెంట పరివారము గలవాడు. ఆయన కాశీయాత్ర చరిత్రను చదువువారికి అందలి మజిలీలు, సత్రములు, నీటి వసతులు ఆసక్తి కలిగించును. మాకు మాత్రము బోయీల కాళ్ళు గుర్తునకు వచ్చుచుండును. అంత దూరమును నిజముగా నడచినవారు వారు.

ఈ సంగతి ఊరక చెప్పలేదు. ఈ సీమకు నడక చాలకాలము శిక్షగా ఉండినది. 1876లో మొదలై రెండేండ్లు పీడించిన ధాత కరువున కర్నూలు జిల్లా జనులు గంజికేంద్రములను, కూలిపనులను వెదకుకొనుచు ఊళ్ళు విడిచి నడచిరి. 1871, 1881 జనాభా లెక్కల నడుమ జిల్లా జనసంఖ్య దాదాపు నాలుగవ వంతు తగ్గిపోయెను. నేటికిని కోసిగి, మంత్రాలయము ప్రాంతపు కుటుంబములు ఇంటికి తాళము వేసి, పత్తి తీయుటకును, మిరపకాయలు కోయుటకును గుంటూరు సీమకు పోవుచునే యున్నవి. దీనిని వారు సుగ్గికి పోవుట యందురు. బడి మానిన పిల్లలు కూడ ఆ లారీలలోనే ఉందురు. 2020 మార్చి చివర దేశమంతయు మూతపడినపుడు వలసకూలీలు జాతీయ రహదారుల వెంట వందల మైళ్ళు స్వగ్రామములకు నడచిన దృశ్యమును మనమందరము చూచితిమి. దానిని హైకింగని ఎవ్వరును అనలేదు.

కావున దూరమొక్కటే నడకను నడక చేయదు. బలవంతము తొలగిన పిదపనే నడక కోరదగినది కాగలదు. నడచువారు పెరుగుటకు మాకు తోచిన మొదటి కారణమిది. బస్సు వచ్చినందున నడక చచ్చిపోవునని మన తండ్రులు తలచిరి. జరిగినది వేరు. బస్సు వచ్చినందుననే నడక మన ఇష్టమునకు లోబడినది. ఎప్పుడు కావలెనన్న అప్పుడు ఎక్కి ఇంటికి రావచ్చునను ధైర్యము వెనుక ఉన్నవాడు ఉల్లాసముగా నడచును. శ్రీశైలము కాలినడకన పోయి, మ్రొక్కు తీర్చుకొని, మరలునప్పుడు అందరును బస్సులోనే వత్తురు. ఇందులో తప్పు పట్టవలసినది ఏమియు లేదు.

డోన్ పరిసరములనుండి ఈ యాత్రకు పోయివచ్చిన కొందరితో మేము ముచ్చటించితిమి. ఈ ప్రాంతమునుండి అయిదారు దినముల ప్రయాణమది. నాపరాళ్ళ పనిచేసి బ్రతుకు ఒక ముసలితల్లిని, అమ్మా, ఈ యెండలో మీకు ఇంత శ్రమ ఎందుకని అడిగితిమి. ఏడాది పొడవున ఒకరు పిలిచిన పోవుదుమనియు, ఈ అయిదు దినములు మాత్రము తమంతట తామే పోవుదుమనియు ఆమె చెప్పినది. భక్తిని గూర్చి ఆమె ప్రత్యేకముగా ఏమియు చెప్పలేదు. అది చెప్పనవసరము లేదనుకొన్నది కాబోలు.

సముద్రముల కావలి మాట చూడుడు. అమెరికా తూర్పు భాగమున అపలాచియన్ ట్రెయిల్ అను కాలిబాట కలదు. 1921లో ప్రతిపాదింపబడి 1937లో పూర్తియైన ఈ బాట పొడవు సుమారు రెండువేల రెండువందల మైళ్ళు. దీనిని ఒకే యాత్రలో నడచితినని తొలుత చెప్పినవాడు ఎర్ల్ షాఫర్. ఆయన రెండవ ప్రపంచయుద్ధమున సైనికుడు. తన ప్రాణమిత్రుని ఆ యుద్ధమునకే కోల్పోయెను. యుద్ధమును మనస్సునుండి నడచి వదిలించుకొనుటకు 1948లో బయలుదేరెను. ఏడేండ్లకు, 1955లో, ఎమ్మా గేట్‌వుడ్ అను అరువదియేడేండ్ల అవ్వ ఒంటరిగా ఆ దారినంతయు నడచినది. పదునొకండుగురు బిడ్డల తల్లి. కాళ్ళకు గుడ్డబూట్లు, భుజమున తాను కుట్టుకొన్న సంచి. నేడు వేలకు వేలు పోసి కొను సామగ్రి ఏదియు ఆమెవద్ద లేదు. స్పెయిను దేశమున శాంటియాగో అను క్రైస్తవ పుణ్యక్షేత్రమునకు పోవు యాత్రామార్గమున 1985లో యాత్రాపత్రము పొందినవారు 690 మంది. 2024లో వారి సంఖ్య దాదాపు అయిదు లక్షలు. కాలినడకన పోవువారు కనీసము నూరు కిలోమీటర్లు నడచిననే ఆ పత్రము. అందు నాస్తికులును ఉన్నారు. చర్చికి పోనివారు చర్చి వరకు నడచుచున్నారన్నమాట.

మన నగరములకు వత్తము. చెన్నైలో 2008లో స్థాపింపబడిన ట్రెక్కింగ్ క్లబ్బువారు నాగలాపురపు కొండలలోనికి వందలమందిని నడిపించిరి. హైదరాబాదులోను ఇట్టి బృందములున్నవి. దినమునకు పది గంటలు కూర్చుండి పనిచేయువారు శనివారము వచ్చునప్పటికి కాళ్ళను వెదకుకొందురు. వైద్యుల మాటయు వారిని తరుముచున్నది. మనదేశమున పదికోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని 2023లో వెలువడిన ఒక పెద్ద సర్వే తేల్చినది. నడువుమని వైద్యుడు చెప్పని ఇల్లు నేడు అరుదు. చేతిలోని ఫోను దారి చూపుచున్నది గనుక తప్పిపోదుమను భయము తగ్గినది. నడచినచోట తీసిన ఫొటో అదే ఫోనున నలుగురికి చేరుచున్నది గనుక చూచినవారికిని ఉబలాటము పుట్టుచున్నది. ఫొటో కొరకే నడచువారిని మేము వెక్కిరింపము. తొలి దినము ఫొటో కొరకు నడచినవాడు మూడవ దినమున బొబ్బలెక్కిన కాళ్ళతో ఫోను సంచిలో పడవేసి నడచుట సాధారణముగా జరుగుచుండును.

అయితే నడచువారి సంఖ్య పెరిగినంత వేగముగా దారి పెరుగలేదు. పూర్వము మజిలీకొక సత్రము, దిగుడు బావి, బాట కిరువైపుల చెట్లు ఉండెడివి. రహదారి వెడల్పు చేసినపుడు చెట్లు పోయినవి. బావులు పూడినవి. నాలుగు వరుసల రహదారి మోటారుల కొరకు కట్టినది. చీకటిలో దాని అంచున నడచువాని ప్రక్కనే లారీలు దూసికొని పోవును. ఉగాదినాటికి ఈ సీమలో ఎండ నిప్పులు చెరుగును. అడవిలో మరియొక చిక్కు. నల్లమల 1983లో ప్రాజెక్టు టైగరు క్రిందికి వచ్చిన పులుల సంరక్షణ కేంద్రము. లక్షలమంది ఒక వారములో ఆ దారిని నడచిన తరువాత మిగులు ప్లాస్టిక్ సీసాల లెక్క చెప్పుటకు సిగ్గగును. ఏడాది పొడవున ఆ అడవిలోనే బ్రతుకు చెంచులు ఒక్క సీసాయైనను పారవేయరు, వారికి కొనుటకు డబ్బుండదు గనుక. వారి గూడెముల ముంగిట చెత్త పోసి వచ్చుట యాత్ర కాదు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఒక పసిబాలిక చిరుతపులి వాత పడినది. మెట్లును, దీపములును, కాపలాయును గల దారిలోనే అట్లు జరిగినది. నల్లమలలో గుంపు విడిచి, చీకటిపడిన తరువాత పోవుట సాహసము కాదు, తెలివితక్కువ.

నడువగోరు శ్రోతలకు అనుభవజ్ఞులైన యాత్రికుల పద్ధతి చెప్పెదము. వారు తెల్లవారుజామున మూడు గంటలకే లేచి, ఎండ ముదురుటకు మునుపే దినపు నడకలో సగము పూర్తిచేయుదురు. పది గంటలనుండి నాలుగు గంటల వరకు నీడన పండుకొందురు. సాయంకాలము మరల కొంత దూరము. దినమునకు ఇరువది అయిదు, ముప్పది కిలోమీటర్లకు మించరు. క్రొత్త చెప్పులతో బయలుదేరరు. నెలదినములు తొడిగి మెత్తబడినవే తొడుగుదురు. రాత్రి పండుకొనుటకు ముందు అరికాళ్ళకు ఆముదమో కొబ్బరినూనెయో రాచుకొందురు. దప్పిక అగువరకు ఆగక, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మాటిమాటికి త్రాగుదురు. సంచిలో ఒక దుప్పటి, ఒక జత బట్టలు, నీళ్ళసీసా, అటుకులు, బెల్లము. గుండెజబ్బు, మధుమేహము కలవారు వైద్యుని అడిగియే బయలుదేరవలెను.

అడవి దారి ఏడాది పొడవున తెరచియుండదు. శివరాత్రికిని, ఉగాదికిని కొలది దినములు మాత్రమే యాత్రికులను అనుమతింతురు. ఆ తేదీలను అటవీశాఖవారు ముందుగా ప్రకటింతురు. తెలిసికొని, వెంకటాపురమునకు సూర్యోదయపు వేళ చేరునట్లు ప్రయాణమును కూర్చుకొనుడు. మరునాటి రాత్రికి ముందే కైలాసద్వారము దాటవచ్చును.