కంపవాతము – కడుపు సంగతి

రజతోత్సవ సభలో మలబద్ధమును గూర్చి ప్రసంగించుట అనౌచిత్యమని ఆలంకారికులు తలపవచ్చును. ఇంట రోగి యున్నవారు అట్లు తలపరు.

మన పెద్దలు కంపవాతమనెడి వ్యాధిని నేడు పార్కిన్సన్ వ్యాధి యనుచున్నారు. లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీనిని వర్ణించుచు, వణకుతోపాటు మలవిసర్జనమునకు రోగి పడు కష్టమును గూడ వ్రాసెను. మెదడునందువలెనే ప్రేవుల గోడలయందును నరములు కలవు. వ్యాధి వానిని గూడ అంటుటచే ఆహారము మెల్లగా కదలును. పలువురికి చేయి వణకుటకు ఏండ్ల ముందే మలబద్ధము కలుగును. ఇది తెలియక ఇంటివారు ఎగతాళి సేయుదురు. దానికి వెఱచియు, మాటిమాటికి లేవలేకయు ముసలివారు నీరు త్రాగుట మానుదురు. బాధ మరింత ముదురును.

ఈ వ్యాధికి ప్రధానౌషధము లెవోడోపా. అది చిన్నప్రేవులనుండి రక్తమున చేరును. పప్పు, పాలు, గ్రుడ్లు, మాంసము వీనిలోని మాంసకృత్తులు జీర్ణమై ఆ ద్వారముననే లోనికి పోవలెను. రెండును ఒక్కసారి వచ్చినచో త్రోపులాటలో మందు వెనుకబడును. కావున మాత్ర పనిచేయుటలేదని వైద్యుని నిందించుటకు ముందు గడియారము చూడుడు. భోజనమునకు అరగంట ముందుగాని, గంట దాటిన పిమ్మటగాని వేయుట మేలు. వికారము కలుగువారు రెండు బిస్కెట్లతో వేసికొనవచ్చును. పగటి పప్పును రాత్రికి మార్చిన కొందరికి గుణము కనిపించును. పప్పు బొత్తిగా మానిపింపరాదు, రోగి చిక్కిపోవును. ఇనుపధాతువు మాత్రలను దీనితో కలిపి యీయరాదు.

1937లో దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దూలగొండి విత్తులనుండి లెవోడోపాను వేరుచేసిరి. మన కంచెలమీది దురద తీగయే అది! అంతమాత్రమున ఆ చూర్ణమును వైద్యునికి చెప్పక మాత్రతో కలిపి మ్రింగరాదు, మోతాదు మించును. వాంతులకు మెటోక్లోప్రమైడ్ అను మందు ఈ రోగులకు తగదు. అంగడిలో మందడుగునపుడే వ్యాధిపేరు చెప్పుడు.

ఆకుకూరలు, బీర, పొట్ల, జామ, చాలినంత నీరు, శక్తికొలది నడక – ఇవి మీరెఱిగినవే. చాలనిచో, తరచు ఆముదము పట్టించుటకంటె వైద్యుడు చెప్పిన మృదువిరేచనౌషధము మేలు. కడుపుబ్బి, వాంతులై, విరేచనము నిలిచిపోయినచో ఆలస్యము సేయక ఆసుపత్రికి తీసికొనిపొండు. నేను లెక్కలవాడను, మాత్రవేళ, భోజనవేళ, విరేచనమైన దినము చిట్టాగా వ్రాసి వైద్యునికి చూపుడని నా మనవి. సిగ్గుచే నోట రాని సంగతిని కాగితము చెప్పును.

మ్రింగుటయు కష్టమగును. పండుకొనియుండగా పెట్టరాదు. నిటారుగా కూర్చుండబెట్టి చిన్న ముద్దలు పెట్టవలెను. నీటికే పొలమారుట యెక్కువ. తరచైనచో వైద్యునికి తెలుపుడు. భోజనమునకు ముప్పావుగంట పట్టినను ఎదుట కూర్చుండుడు. అన్నము చల్లారినచో వెచ్చజేసి మరల పెట్టుడు.