ఆంగ్లపరీక్షలో సంభాషణభాగము : మన యువజనుల సన్నాహము
(వార్షిక మహాసభ విద్యాగోష్ఠియందు గావించిన ఉపన్యాసము)



 విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహములను గూర్చియు పెద్దలు చెప్పవలసినది చెప్పియే యున్నారు. మేము చిన్నదిగా కనబడు నొక సంగతిని మీ ముందుంచెదము. చిన్నదే యైనను, బిడ్డల విదేశవిద్యకై పొలము తాకట్టుపెట్టిన కుటుంబముల ఆశ యంతయు దానిపై నిలిచియుండును. అది ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అను ఆంగ్లభాషాపరీక్షలోని సంభాషణభాగము.

ఈ పరీక్ష 1989వ సంవత్సరము నుండి నడుచుచున్నది. వినుట, చదువుట, వ్రాయుట, మాటలాడుట అని దీనికి నాలుగు భాగములు. ఒక్కొక్క దానికి 9 వరకు శ్రేణి నిర్ణయింతురు. నాలుగింటి సగటును సమీపమున నున్న అరశ్రేణికి సరిచేయుదురు. ఇచ్చట నొక చిక్కు కలదు. ఒక విద్యార్థికి మూడు భాగములలో 6.5 చొప్పునను, సంభాషణలో 5.5 వచ్చెననుకొందము. సగటు 6.25 అగును, దానిని 6.5 గా లెక్కింతురు. ఇంటిల్లిపాదియు సంతోషింతురు. కాని "మొత్తము 6.5 ఉండవలెను, ఏ భాగమునందును 6 కు తగ్గరాదు" అని నియమము గల విద్యాలయములో ఆ బిడ్డకు ప్రవేశము దొరకదు. కావున మాటలాడుటలోని లోటును తక్కిన మూడును పూడ్చలేవు.

సంభాషణపరీక్ష 11 మొదలు 14 నిమిషముల వరకు జరుగును. పరీక్షకుడు అభ్యర్థితో మాటలాడును. ఆ సంభాషణ మంతయు ధ్వనిముద్రిత మగును. మొదటిభాగమున ఊరు, చదువు, ఉద్యోగము, అభిరుచులు మున్నగువానిని గూర్చి అడుగుదురు. రెండవభాగమున నొక విషయము వ్రాసియున్న చీటి నిచ్చి, ఆలోచించుకొనుటకు 1 నిమిషము గడువిత్తురు. పిమ్మట 2 నిమిషముల వరకు మాటలాడవలెను. మూడవభాగమున ఆ విషయమునకు సంబంధించిన లోతైన ప్రశ్నలపై చర్చింతురు. ధారాళతయు పొందికయు, పదసంపద, వ్యాకరణము, ఉచ్చారణము అను నాలుగింటిని సమానముగా తూచి శ్రేణి నిర్ణయింతురు. అభ్యర్థి అభిప్రాయము మంచిదా చెడ్డదా యనుటకు మార్కులు లేవు.

ఇట్లుండగా మన యువకులు చేయుచున్న దేమి? హైదరాబాదు అమీర్‌పేటలోను, విజయవాడలోను శిక్షణశాలలకు కొదవ లేదు. మంచివియు కలవు. అయినను పెక్కుమంది సిద్ధముగా వ్రాసియున్న సమాధానములను కొని, పంతుళ్లు శ్లోకము వల్లించినట్లు వల్లించుచున్నారు. అనుభవశాలియైన పరీక్షకుడు వల్లెవేసినదానిని వెంటనే పసికట్టును. స్వరము మారును, చూపు మారును. మరియొక ప్రశ్న వేయగనే వాక్కు కట్టువడును. మీకు స్ఫూర్తి నొసగిన వ్యక్తిని గూర్చి చెప్పుమన్నచో, ఎన్నడును చూడని ప్రఖ్యాతపురుషుని చరిత్రము వల్లించుట యేల? గుంటూరు మిర్చియార్డుకు బస్తాలు తోలుకొనిపోయి ధరకై వేచియున్న తండ్రిని గూర్చి చెప్పరాదా? తెలిసినదానికి మాట దానంతట వచ్చును. తరువాతి ప్రశ్నలకును అందుండియే సమాధానములు దొరకును.

ఉచ్చారణమున నాంగ్లేయుల యాసను తెచ్చిపెట్టుకొన నక్కరలేదు. వినువారికి శ్రమలేక తెలిసినచో చాలును. అయితే మన తెలుగు అజంతభాష యగుటచే 'బుక్' అన్నది 'బుక్కు' గాను, 'బస్' అన్నది 'బస్సు' గాను మన నోట వెలువడును. దీనిని సవరించుకొనవలెను. ఊనికను గూడ గమనింపవలెను: 'ఫొటోగ్రాఫ్' అనునపుడు ఊనిక మొదటి అక్షరముపై నుండగా, 'ఫొటోగ్రఫీ' అనునపుడు అది రెండవదానిపైకి జరుగును. మన భాషలో 'ఎ', 'ఆన్', 'ది' అను ఉపపదములు లేవు గనుక అవి మన వాక్యములనుండి జారిపోవుచుండును. ఎవరికి వారు తమ లోపములను రెండుమూడింటిని గుర్తెరిగి వానిపైననే దృష్టి నిలుపుట మేలు.

సాధనక్రమ మిది. దినమున కొక విషయము గైకొని, గడియారము నెదుట నుంచుకొని, 1 నిమిషములో వాక్యములు గాక నాలుగైదు మాటలు మాత్రము గుర్తుగా వ్రాసికొనవలెను. పిదప 2 నిమిషములు మాటలాడి దానిని చేతిఫోనులో ముద్రించి, తామే వినవలెను. ఎచ్చట ఆగితిమి, ఏ మాటను మరల మరల వాడితిమి యని గుర్తించి, అదే విషయమును మరియొకసారి చెప్పవలెను. మొదటిభాగపు ప్రశ్నలకు అవునని, కాదని ఊరకుండక ఒక కారణమో, ఉదాహరణమో చేర్చవలెను. ప్రశ్న వినబడనిచో మరల చెప్పుడని అడుగుట తప్పు గాదు. మూడవభాగమునకు వార్తాపత్రికలోని యొక సమస్యను గైకొని, స్నేహితునితో ఇరుపక్షములను వాదించుట మంచి సాధనము.

సోదరులారా! ఇక పెద్దలతో నొక మాట. "పెద్దలయెదుట నోరెత్తకుము" అని ఇరువదియేండ్లు పెంచిన బిడ్డను, ముఖ్యముగా ఆడుబిడ్డను, ముక్కుమొగ మెరుగనివారి యెదుట 14 నిమిషములు నిస్సంకోచముగా మాటలాడు మనుట న్యాయమా? తెలుగున తన యభిప్రాయము చెప్పుట కలవాటు లేనిది ఆంగ్లమున నెట్లు చెప్పగలదు? భోజనవేళ బిడ్డల నొక ప్రశ్న యడుగుడు. వారు చెప్పుదాక ఓపికతో వినుడు. ఈ శిక్షణకు రుసుము లేదు.

పోషకమహాశయులకు మా విన్నపము: ధనముతో బాటు కాలమును గూడ దానము చేయుడు. మన వసతిగృహములయందు వారమున కొక సాయంకాలము సంభాషణగోష్ఠి నేర్పరచుదము. ఒకరు ప్రశ్నింపగా నొకరు బదులు చెప్పుదురు. మూడవవారు గడియారము చూతురు. విశ్రాంత ఉపాధ్యాయులు దిద్దుదురు. విదేశములందున్న మనవారు ఫోనుద్వారా ముఖాముఖి ప్రశ్నింపవచ్చును. ఈ కార్యమునకు భవనములు వలదు. నాలుగు కుర్చీలును, వినెడి చెవులును చాలును.

ఈత నేర్చుటకు నీట దిగవలెను. మాట నేర్చుటకు మాటలాడవలెను. మన బిడ్డలకు ఆ రేవును చూపు భారము మన సంఘముది. ఈ సూచనను మహాసభవారు తీర్మానరూపమున నామోదించి, ఈ సంవత్సరమే ఆచరణకు దెత్తురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.

శుభమ్.