సైకిలు బంట్రోతు సంచి

తపాలా జవాను భుజమున వ్రేలాడు సంచి శ్రోతలందరు ఎరిగినదే. దానిని కుట్టిన చేతులను మాత్రము మనము తలపము. అట్టి సంచి నొకదానిని గూర్చి నేడు ముచ్చటింపనెంచితిమి.

అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో కొండలమీది పట్టణము. అచట న్యాయవాదుల దస్త్రములను, కార్యాలయముల కాగితములను సైకిళ్లపై చేరవేయు బంట్రోతులు పెక్కురుండిరి. వారిలో ఒకడైన రాబ్ హనీకట్ 1989లో కుట్టుయంత్రము ముందు కూర్చుండి తోడివారికై సంచులు కుట్టనారంభించెను. పిదప టింబక్2 అను పేర ప్రసిద్ధికెక్కిన సంస్థకు మొదలదియే.

ఆ సంచికి ఒకటే పట్టీ. అది రొమ్ముమీదుగా ఏటవాలుగా పోవును. సైకిలు దిగకయే సంచిని ముందునకు త్రిప్పుకొని కాగితము తీయవచ్చును. పైన గట్టి నైలాను, లోపల నీరు చొరని అస్తరు, వెడల్పైన మూత. వానలో దస్త్రము తడిసెనా, మాటపడువాడు మోసినవాడే! పట్టీ ఒరసెనా, కుట్టినవాడు అవే వీధులలో ఎదురుపడును. ఇంతకంటె కఠినమైన పరీక్ష మరియొకటి కలదని మాకు తోచదు.

ఈ బంట్రోతులు 1993లో బెర్లినునందు తమ తొలి ప్రపంచపు పోటీలు కూడ జరుపుకొనిరి.

తరువాత ఈమెయిలు ప్రబలెను. మోయువారు తగ్గిరి, సంచి విద్యార్థుల భుజములకెక్కెను. కొనువారు పెరిగిరి గాని, భుజము చూపి లోపము చెప్పు తోడివారు తగ్గిరి. మేము దీనిని నష్టముగనే యెంచుచున్నాము.

హైదరాబాదు వీధులలో భోజనపు పొట్లములు మోయు యువకుల వీపులపై పెద్ద సంచులు చూచుచున్నాము. ఆ పట్టీ ఎచట ఒరయుచున్నదో, కుట్టినవారు వారిని ఎన్నడైన అడిగిరో లేదో!