బడిని గోడతో కాదు, గురువుతో కొలవాలి
(తాడేపల్లి విద్యార్థి, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



1972లో సుప్రీంకోర్టు ముల్కీ తీర్పు వచ్చాక విద్యార్థులు, ఎన్జీవోలు జై ఆంధ్ర అంటూ రోడ్డెక్కింది కొలువుల కోసం. ఆ కొలువుకు దారి ఆరో తరగతిలోనే పడుతుంది. అక్కడ లెక్కలు రానివాడిని ఏ జీవో గట్టెక్కించదు.

2014లో రాష్ట్రాలు వేరుపడ్డాయి. బడి సంగతేమిటి? మన మండలంలోనే వడ్డేశ్వరంలో ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉంది. చిర్రావూరు, గుండిమెడ పిల్లలు అక్కడిదాకా చేరాలంటే ముందు ఎనిమిదో తరగతి గట్టిగా దాటాలి.

సర్కారు బళ్లను పోల్చేటప్పుడు మనం రంగులు చూస్తున్నాం, పదో తరగతి మార్కులు చూస్తున్నాం. 2019లో మొదలైన నాడు-నేడు గోడలు, మరుగుదొడ్లు బాగుచేసింది. కాదనం. కానీ గోడలు పాఠం చెప్పవు. 2022లో 117 జీవోతో తరగతులను అటూ ఇటూ మార్చారు, 2025లో దాన్ని రద్దుచేశారు. నలిగింది పిల్లలే.

2009 విద్యాహక్కు చట్టం కొలత స్పష్టంగా ఇచ్చింది. ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మందికి ఒక టీచరు. సైన్సు-లెక్కలకు, సాంఘికానికి, భాషలకు కనీసం ఒక్కొక్కరు. ఏడాదికి 220 పనిదినాలు. ఇది మండలం సగటు లెక్క కాదు, ప్రతి బడిలోనూ ఉండాల్సిన లెక్క. సగటు చూపిస్తే మోసపోకండి!

విద్యార్థులారా, ఉండవల్లి, పెనుమాక, కుంచనపల్లి బళ్ల లెక్కలు పక్కపక్కన రాయండి. ఉద్యోగ మిత్రులారా, ఖాళీ ఉన్నచోట తల్లిదండ్రుల కమిటీతో కలిసి ఎంఈవోను నిలదీయండి.

ప్రత్యేక రాష్ట్రమే అడిగినవాళ్లం, లెక్కల మాస్టారిని అడగలేమా?