శతాధిపతి కట్టించిన మందిరము



ప్రతి ఏటా జనవరి 14వ తేదీని మన దేశంలో మాజీ సైనికుల దినంగా పాటిస్తున్నారు. భారత సైన్యానికి మొదటి భారతీయ సేనాధిపతియైన కె.ఎం. కరియప్పగారు 1953లో ఆ రోజే పదవీ విరమణ చేశారు. మన తెలుగు ఊళ్లలో ఆ రోజు సంక్రాంతి సందడి. అందులో ఈ మాట ఎవరికీ వినబడకుండానే పోతుంది. అందుకే ఈ దినం దీనిని వాక్యపు వెలుగులో ధ్యానించుకుందాం.

లూకా సువార్త 7వ అధ్యాయం, 1 నుండి 10 వచనాలు చూడండి. కపెర్నహూములో ఒక శతాధిపతి ఉన్నాడు. నూరుమంది సైనికులపై అధికారి. ఆయన దాసుడు చావుబ్రతుకుల్లో ఉన్నాడు. అప్పుడు యూదుల పెద్దలు ఆయన పక్షంగా ప్రభువు యొద్దకు వచ్చి బ్రతిమాలారు. వారు ఏమని చెప్పారో గమనించండి. ఆయన ఎన్ని యుద్ధాలు చేశాడో చెప్పలేదు. ఎన్ని బహుమానాలు పొందాడో చెప్పలేదు. మన ప్రజలంటే ఆయనకు ప్రేమ, మనకు సమాజమందిరం కట్టించాడు అని చెప్పారు. కత్తి పట్టిన చేతులు ఊరికి మందిరం కట్టాయి. ఊరు గుర్తుపెట్టుకున్నది దానినే.

మొదటి సంగతి. సైనికుని సేవ యూనిఫారంతో ముగిసిపోదు. సిపాయిలుగా చేరినవారిలో చాలామంది నలభై ఏళ్లు దాటకముందే పెన్షన్‌తో ఇల్లు చేరుతారు. వారి ఎదుట ఇంకా సగం జీవితం ఉంటుంది. అన్నా హజారేగారి పేరు మీరు విన్నారు. ఆయన 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ ప్రాంతంలో సైనిక వాహనం నడిపారు. తోటివారు కన్నుమూయగా తాను బ్రతికి బయటపడ్డారు. ఆ ప్రాణం ఎందుకు మిగిలిందా అని ఆలోచించారు. 1975లో మహారాష్ట్రలోని తన ఊరు రాలేగణ్ సిద్ధికి తిరిగి వచ్చారు. అది కరవు ఊరు. సొంత డబ్బుతో ఊరి గుడిని బాగుచేయించారు. ఊరివారి శ్రమదానంతో వాననీటిని నిలిపే కట్టలు వేయించారు. సారా మాన్పించడానికి పాటుపడ్డారు. 1992లో ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. అయితే ఆ ఊరి బావుల్లో నిలిచిన నీళ్లే ఆయన సేవకు పెద్ద సాక్ష్యం.

మన దగ్గర కూడా అటువంటివారు ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని అందరూ మిలిటరీ మాధవరం అంటారు. ఆ ఊరి బిడ్డలు రెండు ప్రపంచ యుద్ధాలలోనూ పోరాడారు. మీ ఊరిలోనూ ఒక మిలిటరీ ఆయన ఉండే ఉంటారు. పిల్లలకు తెల్లవారుజామున పరుగు నేర్పేది ఆయనే. తుఫాను వచ్చిన రాత్రి ముసలివారిని బడిలోకి చేర్చేదీ ఆయనే.

రెండవ సంగతి. గౌరవం నోటిమాటతో ఆగకూడదు. ఆ పెద్దలు శతాధిపతిని పొగిడి ఊరుకోలేదు. ఆయనకు అవసరం వచ్చిన రోజున ఆయన కోసం నడిచి వెళ్లారు. ప్రియులారా, ఆగస్టు 15న శాలువా కప్పుతాం. మంచిదే. మరి ఆయన చనిపోయాక ఆ తల్లి పెన్షన్ కాగితాలు పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లవలసి వస్తే, తోడు వెళ్లేది ఎవరు? ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే, పక్కన కూర్చుని వినేది ఎవరు? సంఘంలో ఆయనను క్రిస్మస్ రోజున గేటు దగ్గర బండ్లు సర్దడానికే పిలుస్తున్నామా? లేక యౌవనస్థులను నడిపించే బాధ్యత కూడా అప్పగిస్తున్నామా? సన్మానించవలసినవారిని సన్మానించమని రోమా పత్రిక 13వ అధ్యాయంలో పౌలు నేర్పుతున్నాడు. అది అప్పు తీర్చడం వంటిది, దానం కాదు.

మూడవ సంగతి. ఈ మాట వింటున్న మాజీ సైనికులారా, ఇది మీకే. పెద్దలు శతాధిపతిని యోగ్యుడన్నారు. తానైతే ప్రభువు తన గడప తొక్కడానికి కూడా తగనని చెప్పుకున్నాడు. ఊరు ఎంత మెచ్చుకున్నా ఆయన తగ్గించుకున్నాడు. ప్రభువు ఆశ్చర్యపడింది ఆయన కట్టించిన మందిరం చూసి కాదు, ఆయన విశ్వాసం చూసి. కనుక ర్యాంకు పోయిందని, పలకరించేవారు లేరని కృంగిపోకండి. మీ విలువ మెడల్స్‌లో లేదు. మీ చేతులతో దేవుడు కట్టించదలచినది ఇంకా మిగిలి ఉంది.

ఈ వారంలో ఒక పని చేయండి. మీ వీధిలోని మాజీ సైనికుని ఇంటికి వెళ్లండి. దండ తీసుకెళ్లకపోయినా ఫరవాలేదు. అయ్యా, మీకు ఏమి కావాలి, మీతో కలిసి మేము ఏమి చేయగలం అని అడగండి.

ప్రార్థిద్దాం. పరలోకమందున్న తండ్రీ, సరిహద్దులలో మమ్మును కాచి, ఇప్పుడు మా మధ్య సేవచేస్తున్న నీ బిడ్డలను బట్టి నీకు స్తోత్రములు. వారి గాయములను స్వస్థపరచుము. వారి పక్షముగా నడిచే మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.