కుక్కపిల్లను కొట్టక పెంచుట
(మన సంఘ సమావేశములో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగ విషయము కుక్కపిల్లల పెంపకమని తెలియగానే కొందరు నవ్విరని వింటిని. నవ్వదగినదే. మన శతకకారులు శునకమును మెచ్చుకొనినవారు కారు. మన సామెతలును అంతే. కాని ఈ సభలో కూర్చున్నవారిలో పలువురి ముంగిట నొక కుక్క యుండునని నేనెరుగుదును. మామిడితోపులు గలవారి సంగతి చెప్పనే అక్కరలేదు. ఆ జీవమును మనము పెంచు తీరులో నొక పెద్ద పొరపాటు కలదు. ఆ పొరపాటు నేనును చేసితిని. దాని ఫలమును మా యింటి పసివాడు అనుభవించెను. అందుచేతనే మీ యెదుట నిలిచితిని.

నాలుగు సంవత్సరముల క్రిందట పాలక్కోడు దారిలోని బంధువుల తోటనుండి ఒక కుక్కపిల్లను తెచ్చితిమి. అప్పటికి దానికి మూడు నెలలు దాటినవి. తినునప్పుడు ఎవరైన దగ్గరకు పోయినచో అది గుర్రుమనెడిది. మా మనుమనికి అప్పుడు ఐదేండ్లు. వాడు గిన్నె దగ్గరకు పోవును, అది గుర్రుమనును, నేను కర్ర తీసికొని ఒక్కటి వేయుదును. ఇట్లు వారము దినములు జరిగెను. పిమ్మట అది గుర్రుమనుట మానెను. "చూచితిరా, దారికి వచ్చినది" అని యింటిలో గొప్పలు చెప్పుకొంటిని. మొక్కై వంగనిది మానై వంగునా అను సామెతను కూడ వినిపించితిని. నెల గడువలేదు. ఒకనాటి సాయంకాలము ఏ సద్దును చేయకుండ అది పిల్లవాని మణికట్టును కరచెను.

సబ్బు రాచి, ధారగా పడు నీటిక్రింద పదునైదు నిమిషములు గాయమును కడిగి, ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోయితిమి. కుక్కకు టీకా వేసియున్నను, పిల్లవానికి సూదిమందులు ఒక్కటియు తప్పక వేయించితిమి. ఈ రెండు పనులలో దేనిని ఆలస్యము చేయరాదు. పసుపు, కారము, సున్నము గాయమునకు పూయరాదు. వెర్రికుక్క కాటు రోగము పైకి కనబడిన పిమ్మట దానికి మందు లేదన్నంత పని. ఇది మీ రెరిగినదే యైనను మరల చెప్పుచున్నాను.

ఆ రాత్రి ఇంటిలోని వారందరును కుక్కను బండిలో వేసికొనిపోయి తొప్పూరు కనుమలో విడిచి రావలెననిరి. అట్లు తిండినీరు లేని చోట జంతువును విడుచుట 1960వ సంవత్సరపు జంతుహింస నిరోధక చట్టము ననుసరించి నేరమని అప్పుడు నాకు తెలియదు. నా భార్య యొక్కతె ఒప్పుకొనలేదు. "దగ్గరకు రావద్దని అది మీకు ముందుగానే చెప్పినది గదా. చెప్పినందుకు కొట్టినది మీరు" అనెను. మరునాడు పశువైద్యుడును ఆ మాటనే కొంత మర్యాదగా చెప్పెను.

గుర్రుమనుట కుక్కకు గల హెచ్చరిక. త్రాచుపాము బుసను మాన్పించినంత మాత్రమున దాని కోరలు పోవునా? నేను మాన్పించినది బుసను మాత్రమే. లోపలి భయము పోలేదు సరిగదా, కర్రతో రెట్టింపయ్యెను. మనుష్యుడు దగ్గరకు వచ్చినచో దెబ్బ పడునని అది నేర్చుకొనెను.

దీనిని సరిదిద్దుటకు మాకు ఆరు నెలలు పట్టెను. పిల్లవానిని గిన్నె దగ్గరకు రానీయక, పెద్దలము మాత్రమే దూరముగా నడచిపోవుచు, రాగిసంగటికంటె రుచియైన కోడిగ్రుడ్డు ముక్క నొకదానిని అటువైపు విసరుచుంటిమి. దినదినమును ఒక అడుగు దగ్గరకు పోయితిమి. అది బిగుసుకొన్నచో ఒక అడుగు వెనుకకు. మనుష్యుడు వచ్చుట దోచుకొనుటకు కాదు, ఇచ్చుటకని దానికి తెలియవలెను. ఇట్లయినను, తినుచున్న కుక్క దగ్గర చిన్నపిల్లలను ఒంటరిగా విడువరాదు. నేటికిని మేము విడువము.

ఇదంతయు పాశ్చాత్యుల వేడుక యని యెవరైన అనుకొందురేమో. నన్నయభట్టు భారతమును తెరచి చూడుడు. ఆదిపర్వములో ఉదంకుని కథకు ముందే సరమ కథ కలదు. జనమేజయుని యాగశాలలోనికి ఆడుకొనుటకు వచ్చిన కుక్కపిల్లను అతని తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. అది ఏడ్చుచు తల్లితో చెప్పుకొనెను. ఆ తల్లి సరమ రాజు నెదుటనే నిలిచి, తప్పు చేయని నా బిడ్డ నేల కొట్టించితివని నిలదీసి, ఊహింపని భయము నీకు కలుగునని చెప్పిపోయెను. అంతటి రాజును దానికి కలత చెంది, శాంతి చేయించుటకు పురోహితుని వెదకుకొనెను. చిన్ననాడు పద్యమును బట్టీపట్టితినే గాని, అందులో ఉన్నది నిజమైన కుక్కపిల్ల యని ఆ సాయంకాలము వరకు నాకు తోచలేదు.

మా పిల్ల మొదటినుండియు బెదురుది. దానికిని కారణము కలదు. 1961లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు కుక్కపిల్లలను కంచెలోపల మనుష్యులు కనబడకుండ పెంచి చూచిరి. 14 వారములవరకు మనుష్యుని యెరుగని పిల్లలు అడవిమృగములవలె బెదరినవి. తరువాత ఎంత లాలించినను పూర్తిగా చేరువ కాలేదు. మూడవ వారమునుండి పండ్రెండవ వారమువరకు గల కాలమే కుక్క లోకమును నమ్ముటకు అనువైన కాలమని స్కాట్, ఫుల్లర్ అను పండితులు 1965లో ప్రకటించిన గ్రంథములో చెప్పిరి. మన తోపులలో ఈనిన కుక్కల పిల్లలు సరిగా ఆ కాలమునే పొదలలో గడుపును. మూడు నెలలు నిండిన పిమ్మట పట్టి తెచ్చి, ఇంటికి వచ్చినవారందరిపై మొరగుచున్నదని విసుగుకొందుము.

కావున పిల్లకు రెండు నెలలు నిండగానే తెచ్చుకొనవలెను, అంతకుముందు తగదు. తోబుట్టువులతో ఆడునప్పుడు గట్టిగా కొరికినచో అవతలిది కుయ్యుమని అరచి ఆట మానును. పండ్లను అదుపులో నుంచుకొనుట దానికి అక్కడనే అలవడును. తెచ్చిన తరువాత గొడుగు, కుక్కరు కూత, బస్సు హారను, మారియమ్మ పండుగ తప్పెట, గడ్డమున్నవారు, టోపీ పెట్టుకొన్నవారు, అన్నియు దూరమునుండి, తినుటకేదైన ఇచ్చుచు చూపవలెను. టీకాలు ముగియువరకు వీధిలో నేలపై విడువక చంకనెత్తుకొని తిప్పవలెను. నవ్వెడువారు నవ్వనిండు. దీపావళి టపాకాయలను మాత్రము చూపబోకుడు. ఆ రాత్రి లోపలి గదియే దానికి మేలు.

ఇల్లు పాడుచేయుట గురించి అందరు అడుగుదురు. నిద్ర లేవగానే, తినగానే, ఆట ముగియగానే బయటకు తీసికొనిపోయి, పని అయిన క్షణముననే మెచ్చుకొనవలెను. ఇంటిలో జరిగినచో వాసన పోవునట్లు కడుగవలెను, అంతే. గంట తరువాత ముక్కును అందులో రుద్దినచో, దానికి తెలియునది మీ చేతులు ప్రమాదకరములని మాత్రమే. పగలెల్ల గొలుసుతో కట్టివేయుటయు ఇట్టిదే. కట్టిన కుక్కకు పారిపోవు దారి లేదు గనుక అది మీద పడును.

మాటలు నేర్పుటలో మన యిండ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. మా తల్లిగారు "కూర్చో" అందురు. మా అబ్బాయి "ఉక్కారు" అనును. మనుమడు బడిలో నేర్చిన "సిట్" అనును. పాలు పోయు కన్నడపాయన "కూత్కో" అనును. పాపము, ఆ కుక్క నలుగురి ముఖములను చూచి నిలుచుండెడిది. మొండిదని దానిని తిట్టితిమి. ఒక పనికి ఒకే మాట యుండవలెనని పశువైద్యుడు చెప్పెను. ఇంటిలో పంచాయతి జరిగెను, తెలుగు గెలిచెను. రా, కూర్చో, ఆగు, వద్దు, వదలు, అని ఐదు మాటలు నిర్ణయించితిమి. వద్దు, వదలు ఒకే తీరున వినబడుటచే అది తికమకపడెను. అందుచే వదలు తీసివేసి "పెట్టు" అని మార్చితిమి.

కూర్చొనుట నేర్పుటకు దెబ్బ యేల? తిండి ముక్కను ముక్కుమీదుగా తలవెనుకకు మెల్లగా జరిపినచో, పైకి చూచుచు అదియే కూలబడును. ఆ క్షణముననే ముక్క నిచ్చి, నాలుగైదు సారులైన పిమ్మట మాటను చేర్చవలెను. మాటకంటె చేతిసైగ త్వరగా పట్టుకొనును. రాజపాళయములోని మన తెలుగు రాజుల కుటుంబములు పెంచిన తెల్లని వేటకుక్క పేరు మీరందరు వినియుందురు. 2005లో దానిపై తపాలాబిళ్ళ కూడ వెలువడెను. ఆ జాతిలో కొన్ని పిల్లలు పుట్టుచెవిటివి. పిలిచినను పలుకలేదని వానిని కొట్టువారు కలరు. వెనుక చప్పట్లు కొట్టి చూచి, చెవుడని తేలినచో సైగలతోనే అన్నియు నేర్పవచ్చును.

ఆ ఐదు మాటలను ఒక కాగితముపై వ్రాసి వంటింటి తలుపునకు అంటించితిమి. మనుమడు బడిలో తమిళమును, ఆంగ్లమును చదువును. తెలుగు అక్షరము వానికి రాదు. కుక్కకు ఏ మాట చెప్పవలెనో చూచుకొనుటకై వాడు దినమున పదిసారులు ఆ తలుపు దగ్గరకు పోవుచుండెను. ఇప్పుడు ఐదు మాటలను తడుముకొనక చదువుచున్నాడు. ఆరవ మాట యొకటి వ్రాసి పెట్టుమని నన్ను వేధించుచున్నాడు. అది యేదో ఇంటిలో ఇంకను తేలలేదు.