నేరస్థుడెవరో తెలియక ముందే

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: యెహోషువ 22:10-34

పొలం పనులు ముగించుకొని ఇంటికి చేరినవారిని, మిర్చి కళ్లాల దగ్గర కావలి ఉన్నవారిని, అనారోగ్యంతో మంచం మీద ఉండి ఈ కార్యక్రమం వింటున్నవారిని దేవుడు దీవించును గాక.

ఈ వేళ ఒక బరువైన విషయాన్ని మీతో ధ్యానించాలని ఆశపడుతున్నాను. ఎక్కడైనా ఉగ్రవాద దాడి జరిగిందని వార్త వచ్చినప్పుడు సామాన్య ప్రజలమైన మనం ఏం చేస్తాం? దాడి చేసినవారిని వెదకి పట్టుకొనే పని పోలీసులది, తీర్పు చెప్పే పని న్యాయస్థానాలది. అయితే వార్త విన్న మొదటి గంటలో మన గుండెలో ఏం జరుగుతుంది, మన నోటి నుండి ఏం వస్తుంది అనేది మన పని. దానికి దేవుని యెదుట లెక్క అప్పగించవలసినవారం మనమే.

ఈ విషయం మన ప్రాంతానికి దూరమైనది కాదు. 2000 జూన్ 8వ తేదీ, గురువారం. ఒంగోలులోని జూయెట్ మెమోరియల్ బాప్టిస్టు చర్చిలో బాంబు పేలింది. అదే రోజు తాడేపల్లిగూడెంలోని చర్చిలో, కర్ణాటకలో వాడి అనే ఊరి చర్చిలో, గోవాలోని వాస్కో పట్టణపు చర్చిలో కూడా బాంబులు పేలాయి. ఆ దినాలలో యౌవనులుగా ఉన్న మాకు ఆ వార్త పుట్టించిన కలవరం ఇంకా జ్ఞాపకమే. దేవుని మందిరంలోనే భద్రత లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది అని పెద్దలు బాధపడ్డారు.

ఆ కలవరానికి వెనుక మరో గాయం ఉంది. అంతకు ఏడాదిన్నర ముందు, 1999 జనవరిలో, ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్ గారిని, ఆయన ఇద్దరు చిన్న కుమారులను వాహనంలోనే సజీవంగా కాల్చివేశారు. ఆ గాయం మానకముందే చర్చిలలో బాంబులు పేలాయి. కాబట్టి చేసింది ఎవరు అన్న ప్రశ్నకు చాలామంది క్రైస్తవుల దగ్గర జవాబు అప్పుడే సిద్ధంగా ఉంది. ఇది హిందూ తీవ్రవాదుల పనే అనుకున్నారు. దర్యాప్తు ఇంకా మొదలు కాలేదు, కాని మనస్సులలో తీర్పు ముగిసిపోయింది.

తరువాత ఏమైంది? సుమారు నెల తరువాత, జూలై 9వ తేదీ ఆదివారం రాత్రి, బెంగుళూరులో ఒక చర్చిలో బాంబు పేలింది. అదే రాత్రి ఆ నగరంలోని మాగడి రోడ్డులో ఒక వ్యానులో పేలుడు జరిగి అందులో ఉన్న ఇద్దరు చనిపోయారు. వారు తీసుకువెళుతున్న బాంబు వారి చేతుల్లోనే పేలింది. ఆ వ్యానును పట్టుకొని పోలీసులు కూపీ లాగితే, చర్చిలలో బాంబులు పెట్టింది దీన్‌దార్ అంజుమన్ అనే శాఖకు చెందినవారని బయటపడింది. హిందువులకు, క్రైస్తవులకు మధ్య చిచ్చు పెట్టడమే వారి ఉద్దేశమని పరిశోధనలో తేలింది. 2001లో కేంద్ర ప్రభుత్వం ఆ సంస్థను నిషేధించింది. 2008లో బెంగుళూరులోని ప్రత్యేక న్యాయస్థానం 20 మందికి పైగా దోషులని తీర్పు చెప్పి శిక్షలు విధించింది.

ప్రియులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచన చేయండి. బాంబు పెట్టినవారు మన నుండి కోరుకున్నది ఏమిటి? మనం మన పొరుగువారిని అనుమానించాలనే. గోడ కూలడం వారికి చాలలేదు, ఇరుగు పొరుగుల మధ్య నమ్మకం కూలాలి. తొందరపడి తీర్పు చెప్పిన ప్రతి విశ్వాసి, తనకు తెలియకుండానే, వారు పన్నిన వలలో కాలు పెట్టినట్లే గదా!

అసలు సంగతి తెలిసిన తరువాత కూడా మరో ప్రమాదం ఉంది. "అయితే ముస్లిములా? వాళ్లంతా అంతేలే" అనే మాట వెంటనే వస్తుంది. ఆ శాఖ బోధలను ముస్లిము పండితులలో అనేకులు ఎన్నడూ అంగీకరించలేదు, తమ మతానికి వెలుపలిదిగానే ఎంచారు. ఒక చిన్న శాఖలో కొందరు చేసిన నేరాన్ని ఊరి మసీదులో నమాజు చేసుకొనే పెద్దాయన మీద మోపితే, అది మొదటి పొరపాటును దిద్దుకోవడం అవుతుందా? మనిషి మారాడే గాని పొరపాటు అదే.

ఇప్పుడు మన వాక్యభాగానికి వద్దాం. యెహోషువ గ్రంథం 22వ అధ్యాయంలో రూబేనీయులు, గాదీయులు, మనష్షే అర్ధగోత్రపువారు యొర్దాను నది దగ్గర ఒక పెద్ద బలిపీఠం కట్టారు. మిగిలిన ఇశ్రాయేలీయులకు ఆ కబురు చేరింది. వీరు యెహోవాను విడిచిపెట్టారు, వేరే బలిపీఠం కట్టుకున్నారు అని వారు కోపించి, యుద్ధం చేయడానికి షిలోహులో కూడుకున్నారు. కత్తులు సిద్ధమయ్యాయి. కాని బయలుదేరక ముందు వారు ఒక మంచి పని చేశారు. యాజకుడైన ఫీనెహాసును, అతనితో పదిమంది ప్రధానులను పంపి, మీరెందుకిలా చేశారు అని అడిగించారు.

జవాబు ఏమని వచ్చింది? ఆ బలిపీఠం బలులు అర్పించడానికి కట్టింది కాదు. రేపు మీ పిల్లలు మా పిల్లలను చూచి యెహోవాలో మీకు పాలు లేదు అంటారేమోనన్న భయంతో, మేమూ ఆ దేవుని ప్రజలమే అని సాక్ష్యంగా ఉండడానికి కట్టాము అని వారు చెప్పారు. తిరుగుబాటు అనుకున్నది నిజానికి భక్తి. ఫీనెహాసు విన్నాడు, సంతోషించాడు, తిరిగి వెళ్లి చెప్పాడు. యుద్ధం మాట అక్కడితో ఆగిపోయింది. ఒక్క ప్రయాణం, ఒక్క ప్రశ్న, ఎన్ని ప్రాణాలను కాపాడిందో చూడండి.

గమనించండి, ఫీనెహాసు మెత్తని మనిషి కాదు. సంఖ్యాకాండం చదివినవారికి అతని రోషం ఎలాంటిదో తెలుసు. అంతటి రోషం గలవాడే ఇక్కడ ముందు అడిగాడు, తరువాత విన్నాడు. సత్యం కోసం నిలబడేవాడు ముందు సత్యం తెలుసుకోవాలి. విషయం వినక ముందే జవాబిచ్చేవాడు మూఢుడని సామెతలు 18:13 బోధిస్తుంది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ న్యాయస్థానపు బోనులో నిలబడినప్పుడు మాత్రమే వర్తిస్తుందా? టీ కొట్టు బల్ల మీద కూర్చున్నప్పుడు, వాట్సాప్‌లో వచ్చినదాన్ని పదిమందికి పంపుతున్నప్పుడు కూడా వర్తిస్తుంది.

మనది పత్తి, మిర్చి పండే నేల. జిన్నింగు మిల్లులో పత్తి బోరేల మధ్య ఎవరైనా చుట్ట వెలిగిస్తే మనం ఊరుకుంటామా? చెయ్యి పట్టుకొని బయటికి పంపుతాం. నాలుక నిప్పువంటిదని, కొద్దిపాటి నిప్పు పెద్ద అడవిని తగలబెడుతుందని యాకోబు తన పత్రిక 3వ అధ్యాయంలో హెచ్చరించాడు. దాడి జరిగిన దినాన ఊరు ఊరంతా పత్తి బోరెం వంటిదే. ఆ దినాన పుకారు మోసుకొచ్చినవాడు చుట్ట వెలిగించినవాడే.

హైదరాబాదు సంగతి చూడండి. 2007 మే 18, శుక్రవారం, మక్కా మసీదులో ప్రార్థన సమయంలో బాంబు పేలి 9 మంది చనిపోయారు. తరువాత జరిగిన పోలీసు కాల్పులలో మరికొందరు మరణించారు. ఆ తరువాత ఆ నగరంలోని ముస్లిము యువకులు అనేకులు నిర్బంధానికి గురయ్యారు, న్యాయస్థానాలు తరువాత వారిని నిర్దోషులని విడిచిపెట్టాయి. అటు తరువాత మరికొందరి మీద అభియోగం మోపారు. 2018 ఏప్రిల్‌లో, విచారణను ఎదుర్కొన్న ఆ ఐదుగురిని కూడా న్యాయస్థానం నిర్దోషులుగా ప్రకటించింది. చనిపోయినవారి కుటుంబాల కన్నీళ్లకు ఇంకా జవాబు రాలేదు. చదువుకున్న అధికారులకు సంవత్సరాల తరబడి తేలని సంగతి మనకు మొదటి గంటలోనే ఎలా తెలిసిపోతుంది?

అదే సంవత్సరం ఆగస్టు 25న లుంబినీ పార్కులో, కోఠీలోని గోకుల్ చాట్‌లో జరిగిన పేలుళ్లలో 42 మంది మరణించారు. ఆ కేసులో 2018 సెప్టెంబరులో నేరస్థులకు శిక్ష పడింది. న్యాయం ఆలస్యంగానైనా రావచ్చు. రాకపోవచ్చు కూడా. రెండింటికీ సిద్ధపడి, పొరుగువాని విషయంలో నీతి తప్పకుండా ఉండడమే విశ్వాసికి పరీక్ష.

మరొక ప్రశ్న ఉంది. "వారికే ఎందుకిలా జరిగింది? ఏం పాపం చేశారో!" అని కొందరు మెల్లగా అంటారు. లూకా 13వ అధ్యాయంలో కొందరు ప్రభువు దగ్గరకు ఇటువంటి వార్తనే తెచ్చారు. బలి అర్పిస్తున్న గలిలయులను పిలాతు చంపించాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతిని ప్రభువే జ్ఞాపకం చేశాడు. వారు మిగిలినవారికంటె ఎక్కువ పాపులా అంటే, కాదని ఆయన తేల్చి చెప్పాడు. చనిపోయినవారిని కొలవవద్దు, మీ హృదయాలను చూచుకొని మారుమనస్సు పొందండి అన్నాడు. లుంబినీ పార్కులో చనిపోయినవారిలో మహారాష్ట్ర నుండి వచ్చిన ఇంజనీరింగు విద్యార్థులున్నారు. సాయంకాలం సరదాగా లేజరు ప్రదర్శన చూడడానికి కూర్చున్న పిల్లలు. వారి తల్లిదండ్రులతో పాపం సంగతి మాట్లాడే నోరు మనలో ఎవరికుంది?

అయితే పాస్టరుగారూ, కోపం రావడం తప్పా అని మీరు అడగవచ్చు. తప్పు కాదు. 2025 ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్‌గామ్‌లో 26 మందిని కాల్చి చంపారు. వారిలో మన రాష్ట్రంవారు ఇద్దరు, ఒకరు విశాఖపట్నం, మరొకరు కావలి. కావలి మన ఒంగోలుకు ఎంత దూరం? మతం అడిగి మరీ కాల్చారని బ్రతికి బయటపడినవారు చెప్పారు. అది విని కోపం రానివాడి గుండె రాయి అయి ఉండాలి. కాని అదే మైదానంలో, గుర్రాల మీద పర్యాటకులను తిప్పుకొని బ్రతికే ఒక ముస్లిము యువకుడు, తన వెంట వచ్చినవారిని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. కోపంలో ఉన్నప్పుడు మొదటి సంగతిని వందసార్లు చెబుతాం, రెండవదాన్ని ఒక్కసారి కూడా చెప్పం. సగం సత్యంతో కోపాన్ని పెంచుకుంటే అది నీతిగల కోపం కాదు.

తమను చేర్చుకోని సమరయుల గ్రామం మీదికి ఆకాశం నుండి అగ్ని దిగాలని యాకోబు, యోహాను కోరినప్పుడు ప్రభువు వారిని గద్దించాడు. అంటే నేరస్థుని విడిచిపెట్టమని కాదు. రోమా పత్రిక 12వ అధ్యాయం పగ తీర్చుకోవడాన్ని మన చేతిలో నుండి తీసివేస్తుంది, 13వ అధ్యాయం శిక్షించే బాధ్యతను అధికారుల చేతిలో పెడుతుంది. గ్లాడిస్ స్టెయిన్స్ అమ్మగారు భర్తను, బిడ్డలను చంపినవారిని క్షమిస్తున్నానని చెప్పారు. న్యాయవిచారణ తన దారిన సాగింది. ఆ తల్లి కుష్ఠురోగుల సేవలో కొనసాగారు. క్షమాపణ న్యాయాన్ని ఆపలేదు, ద్వేషాన్ని ఆపింది.

మరి మన సంఘాలు ఏం చేయాలి? మొదటిది, ఆ దినాన ముందుగా ప్రార్థించండి, తరువాత మాట్లాడండి. ఒంగోలు సంఘానికి పేరిచ్చిన జూయెట్ దొరగారు 1854లో కొద్దిమంది విశ్వాసులతో కొండ ఎక్కి తెల్లవారుజామున ఈ ప్రాంతం కోసం ప్రార్థించారు. నేటికీ మనం దానిని ప్రార్థన కొండ అంటాం. ఆ ప్రార్థన ఈ నేల మీది ప్రజలందరి కోసం.

రెండవది, నిజమని మీకు మీరే తెలుసుకోని మాటను, బొమ్మను, వీడియోను ఇతరులకు పంపకండి. పంపినవారు సంఘపెద్ద అయినా సరే.

మూడవది, ఏడ్చేవారితో ఏడవండి. రక్తం కావాలంటే ఇవ్వండి. మృతుల కుటుంబం మీ ఊరిదైతే ఇంటికి వెళ్లి నోరు మెదపకుండా కూర్చోండి. నెల తరువాత, కెమెరాలు వెళ్లిపోయిన తరువాత, మరల వెళ్లండి.

నాలుగవది, అనుమానపు చూపు పడే పొరుగువాని గడపకు మీరే నడచి వెళ్లండి. మన పల్లెలలో దూదేకులవారు తరతరాలుగా దూది ఏకి మన పరుపులు కుట్టారు. మిర్చి కోతలో అన్ని కులాల, అన్ని మతాల అమ్మలు ఒకే సాలులో వంగి కోస్తారు, అందరి చేతులూ ఒకేలా మండుతాయి. దాడి జరిగిన మరునాడు ఆ సాలులో ఒక అమ్మ ఒంటరిగా మిగిలితే, ఆమె ప్రక్కకు వెళ్లి కోయవలసింది ఎవరు? క్రీస్తు నామం ధరించిన నీవే. "వదినా, నీళ్లు తాగావా?" అని అడిగితే చాలు. ఫీనెహాసు చేసిన ప్రయాణం అదే.

ప్రార్థన చేద్దాం. కనికరము గల తండ్రీ, దాడులలో ఆప్తులను పోగొట్టుకొన్న ప్రతి కుటుంబాన్ని ఆదరించండి. నేరస్థులను న్యాయం ముందుకు తెచ్చి, వారి హృదయాలను కూడా మార్చండి. మా నోటికి కావలి ఉంచండి. మా పొరుగువారి గడపకు నడిచే పాదాలు మాకు దయచేయండి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమెన్.